సంగప్ప వదిలిన కూర

సంగప్ప కంట్లో మందు వేసుకోవడం మానేసి అప్పటికి ఐదు నెలలు. మానేసిన సంగతి దాచుకున్నాడా అంటే అదీ లేదు. అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ కూడా చెప్పేవాడు.

"మందెందుకయ్యా? మన చెలకలనే ఉన్నది మందు," అనేవాడు. అని, కాలవ పక్కన పొన్నగంటి రెమ్మ ఒకటి తుంచి, కడగను కూడా కడగకుండా నోట్లో వేసుకుని నమిలేవాడు.

ఇది ఎర్రగట్టు మఠంలో జరిగింది. జహీరాబాదు దాటి ఇంకా పడమటికి పోతే నేల ఎర్రగా ఉంటుంది చూడండి, పంచెకి అంటితే నాలుగు ఉతుకులకి గానీ వదలదు, ఆ వైపు. మఠం అనగానే గోపురాలూ ప్రహరీలూ ఊహించుకోకండి. నాలుగు రేకుల గదులు, ఒక బావి, ఒక వంట కొట్టం, వెనకాల మూడెకరాల చెలక, అంటే మెట్టచేను. అంతే మఠం. దానికి గురువు చెన్నవీరయ్య గారు. డెబ్బై దాటిన మనిషి. ఆ పక్క గురువుని "అప్పా" అని పిలవడం వాడుక.

ఆయన మాట తక్కువ మనిషి. ఎంత తక్కువంటే, దూరం నుంచి ఉపదేశం కోసం బస్సు మారి బస్సు ఎక్కి వచ్చినవాళ్ళు కూడా, ఆయన పక్కన కూచుని కాసిన్ని కందికాయలు ఒలిచి, జొన్నరొట్టె తిని వెళ్ళిపోయేవాళ్ళు. పోయేటప్పుడు మొహాలు మాత్రం తేటగా ఉండేవి. ఆ చిత్రం ఏమిటో ఎవరూ చెప్పలేరు.

సంగప్ప ఆ మఠానికి వచ్చి ఇరవై ఏళ్ళు. అంతకుముందు దర్జీ. భార్య పోయాక కుట్టు మిషను చెల్లెలికి ఇచ్చేసి, రెండు జతల బట్టలతో వచ్చాడు. వంటా, వంటకి కావలసిన ఆకుకూరా ఆయన చేతిలోనే ఉండేవి. ఆ కూరల గురించి కొంచెం చెప్పాలి.

మఠం చెలకలో కంది వేసేవాళ్ళు, జొన్న వేసేవాళ్ళు. వానలు పడ్డాక ఆ సాళ్ళ మధ్య ఎవరూ వెయ్యని కూరలు వాటంతట అవే లేచేవి. తుమ్మికూర, గంగవాయిలి, జొన్నచెంచలి, తోటకూర. విత్తనం కొనక్కర్లేదు, నీళ్ళు పెట్టక్కర్లేదు. తెంపుకోవడమే. అయితే తెంపుకోవడానికి మఠంలో ఒక పద్ధతి ఉంది. ఏ సాలులోనూ కూర మొత్తం తెంపకూడదు. వెనక వచ్చేవాళ్ళ కోసం కొంత వదిలిపెట్టాలి. దాన్ని వెనకపాలు అంటారు. చెలక లేనివాళ్ళు, కూలికి పోయే ఆడవాళ్ళు, పొద్దెక్కాక వచ్చి ఆ వెనకపాలు తెంపుకుపోయేవాళ్ళు. అందరూ సాలుకి గుప్పెడో రెండు గుప్పెళ్ళో వదిలేవాళ్ళు. సంగప్ప మాత్రం ఈ మధ్య సాలులో ఎడమ పక్కంతా వదిలేస్తున్నాడు.

"సంగప్పయ్య చెయ్యే చెయ్యి," అనేవాళ్ళు ఆడవాళ్ళు. "మిగతావోళ్ళు వదిలితే గుప్పెడు. ఆయన వదిలితే ఒడి నిండుతది."

ఈ మాట మొదటిసారి చెవిన పడినప్పుడు సంగప్ప ఆగి వెనక్కి తిరిగి చూశాడు. నిజమే, కూర ఉంది. తెంపిన గుర్తయితే లేదు, వదిలిన గుర్తూ లేదు. కానీ నలుగురూ అంటున్నారు, కూర కళ్ళ ముందు ఉంది. కాదనడానికి ఏముంది? చిన్నగా నవ్వి ఊరుకున్నాడు. నాలుగోసారి అన్నప్పటికి ఆయనకీ నమ్మకం కుదిరిపోయింది, తానే వదులుతున్నానని.

ఇక కళ్ళ సంగతి. అంతకు రెండేళ్ళ కిందట ఒక సంస్థ వాళ్ళు కంటి శిబిరం పెడితే, అందరితో పాటు తనూ గడ్డం ఆ యంత్రం మీద ఆనించి కూచున్నాడు. వాళ్ళు పట్నం పెద్దాసుపత్రికి పొమ్మని చీటీ రాశారు. అక్కడి డాక్టరమ్మ రెండు గంటలు పరీక్షలు చేసి చెప్పింది. నీటికాసులు. గ్లాకోమా అంటారే, అది. కంటి లోపల ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుంది. ఎడమ కంటికి అంచుల్లో చూపు చాలా పోయింది. కుడి కంటికి ఇప్పుడే మొదలు.

"నొప్పి ఉండదు, తెలవకుండ పోతది," అన్నదట ఆ తల్లి. "నడిమిట్ల చూపు చివరిదాంక ఉంటది. అందుకే మనిషి మోసపోతడు. పోయింది రాదు. ఉన్నది కాపాడుకోవాలె."

తర్వాత ఐదు మాటలు చెప్పింది. రోజూ పడుకునే ముందు రెండు కళ్ళల్లోనూ చుక్క మందు, ఒక్క రోజు తప్పకుండా. మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవడం. తలకిందులుగా నిలబడే ఆసనాలు బంద్. చెంబెడు నీళ్ళు ఒకే గుక్కలో తాగడం బంద్, కొంచెం కొంచెంగా తాగాలి. ఆకుకూరలు బాగా తినాలి.

ఐదు మాటలు చెపితే సంగప్ప చివరి మాట ఒక్కటే మూటగట్టుకుని వచ్చాడు. మనం మాత్రం ఏం తక్కువ తిన్నాం లెండి, మనకి నచ్చిన మాటే మనకి గుర్తుంటుంది.

మొదట్లో మందు వేసుకున్నాడు. వేస్తే కాసేపు మంట, పొద్దున లేచేసరికి కళ్ళు ఎర్రబడటం. ఆకుకూర అలా కాదు కదా. నోటికి హితవు, ఒంటికి తేలిక. పొద్దున మునగాకు కషాయం, మధ్యాహ్నం తుమ్మికూర పప్పు, సాయంత్రం పొన్నగంటి వేపుడు. ఒకనాడు పాత అలవాటు కొద్దీ చిరిగిన పంచె కుడదామని కూచున్నాడు. ఎప్పటి కళ్ళద్దాలో అవే పెట్టుకున్నాడు. సన్న సూది, తెల్ల దారం. ఒక్కసారికే ఎక్కింది! ఆ క్షణాన మందు సీసా గూట్లోకి పోయింది. మళ్ళీ బయటికి రాలేదు.

ఆ తర్వాత ఎవరు అడిగినా సూది తెచ్చేవాడు. "చూడుండ్రి," అని దారం ఎక్కించి చూపించేవాడు. చూసినవాళ్ళు నోరు తెరిచేవాళ్ళు. యాభై ఆరేళ్ళ మనిషి, కళ్ళరోగం మనిషి!

చెన్నవీరయ్య గారు ఒకరోజు అన్నారు.

"మందేస్కో సంగప్పా."

సంగప్ప లోపలికి పోయి సూదీ దారం తెచ్చాడు. గురువు ముందు నిలబడి ఎక్కించాడు. గురువు ఆ సూదిని కాసేపు చూశారు.

"సూది బెజ్జం కనబడ్డది," అన్నారు. అని గొడ్ల దగ్గరికి వెళ్ళిపోయారు.

అది ఆశీర్వాదమనుకున్నాడు సంగప్ప.

ఆ రోజుల్లోనే ఆయన లేగదూడ నీళ్ళ తొట్టి తన్నుకుని పడ్డాడు. "ఎవరు పెట్టిన్రు దీన్ని ఈడ?" అని కేకలేశాడు. ఆ తొట్టి ఆరేళ్ళుగా అక్కడే ఉంది. వంట కొట్టం గుమ్మానికి ఎడమ భుజం కొట్టుకునేది. గుమ్మం ఇరుకు అనేవాడు. అదే గుమ్మంలోంచి ఇరవై ఏళ్ళుగా గంగాళాలు మోసుకొచ్చిన మనిషి!

ఇట్లా ఉండగా శ్రావణమాసంలో ఒక సాయంత్రం తుల్జమ్మ వచ్చింది. ఆమె పక్క తండా దాటి ఉండే కూలి మనిషి, నలభై ఐదేళ్ళు ఉంటాయి. వెనకపాలు తెంపుకునేవాళ్ళలో ఒకతె. వచ్చి వంట కొట్టం అరుగు కింద కూచుంది. అరుగు మీద గురువు మునగాకు దూస్తున్నారు. సంగప్ప చాటలో ఏరుతున్నాడు.

"సంగప్పయ్యా, నాకూ నీ రోగమే అన్నది డాక్టరమ్మ," అంది. "కుడి కన్ను అంచులు పోయినయంట. ఎడమది మంచిగున్నదంట. బతికినన్ని దినాలు మందు పొయ్యాలెనంట."

"ఊఁ," అన్నాడు సంగప్ప.

"ఆ సీసా అయిపోయినప్పుడల్లా పట్నం పోవాలె. పోయిన దినం కూలి లేదు. కొంగు పట్టుకొని అడుగుతున్న. నువ్వు మానేసినవంట గదా. ఆకుకూర తిని బాగైనవంట గదా. నేను గూడ మానెయ్యనా?"

సంగప్ప మొహం వెలిగింది. చాట పక్కన పెట్టాడు. ఇన్నాళ్ళూ జనం చూసి ఆశ్చర్యపోయారు గానీ, ఇట్లా దారి చూపమని వచ్చినవాళ్ళు లేరు.

"భయపడకు చెల్లె. నేను చెప్త విను. పొద్దుగాల మునగాకు. పగటిపూట తుమ్మికూర, నూనె తక్కువెయ్యాలె. పొన్నగంటి వారానికి నాలుగు దినాలు. గంగవాయిలి దొరికితే వదలకు. ఇగ ఆ సీసా సంగతంటవా..."

"సంగప్పా," అన్నారు గురువు.

సంగప్ప ఆగాడు.

"ఆకు తినమని నేను గూడ చెప్త. సీసా మాట రేపు చెప్పు." అని, తుల్జమ్మ వైపు తిరిగారు. "ఇయ్యాల్టికి మందేస్కో బిడ్డా. రేపు పొద్దున చెలకకు రా."

ఆమె దండం పెట్టి వెళ్ళింది. సంగప్పకి కొంచెం చిన్నతనం అనిపించింది. చెప్పబోయే మాట నోటి దాకా వచ్చి ఆగితే ఎట్లా ఉంటుందో తెలుసు కదా. ఏదో అనబోయాడు. గురువు ముందే అన్నారు.

"రేపు మాణెప్ప గుంటుక తోలుతడు. అంతకు ముందుగాల కందిచేన్ల కూరంత తెంపాలె. వెనకపాలు వద్దు."

"వద్దా అప్పా?"

"వదిలి ఏం లాభం? గుంటుక కింద పోతది. ఒక్క ఆకు గూడ మిగలొద్దు. నువ్వే తెంపు."

గుంటుక సంగతి తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. సాళ్ళ మధ్య ఎడ్లతో లాగిస్తారు దాన్ని. కింద ఇనప పలక ఉంటుంది. అది నేల లోపల పోతూ కలుపునంతా వేళ్ళతో కోసేస్తుంది. కూర కూడా దాని లెక్కలో కలుపే.

మర్నాడు పొద్దు పొడవగానే సంగప్ప చేనులోకి దిగాడు. రాత్రి చిన్న వాన పడింది. నేల మెత్తగా ఉంది, ఆకుల మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి. కంది నడుము ఎత్తు లేచింది. ఊళ్ళో రైతు మాణెప్ప గట్టు మీద తన ఎడ్లని నిలబెట్టి చుట్ట కాలుస్తున్నాడు. గురువు అతని పక్కన రాయి మీద కూచున్నారు.

సంగప్ప ఆ రోజు తెంపినంత శ్రద్ధగా ఎప్పుడూ తెంపలేదు. నడుం వంచి, రెండు చేతులా, అడుగు అడుగుకీ ఆగి, చూసి, మళ్ళీ చూసి తెంపాడు. గురువు చూస్తున్నారు కదా. పైగా ఈ పని అయ్యాక తుల్జమ్మకి మాట చెప్పాలి. ఆ మాటని మనసులో తిప్పుకుంటూ, మంచి మంచి పదాలు పేర్చుకుంటూ మొదటి సాలు చివరికి వచ్చాడు. ఒడి విప్పి గోనె మీద పోశాడు. పెద్ద కుప్పే అయింది.

"ఇగ ఈ సాలు తోలుకో మాణెప్పా," అన్నాడు నడుం పట్టుకుని. "చీమకు గూడ మిగల్చలే."

మాణెప్ప లేచి వచ్చి సాలులోకి చూశాడు. చూసి నవ్వాడు.

"నీ చెయ్యి దానం చెయ్యక ఊకోదు గదా అయ్యా! గుంటుక కింద పోతదని అప్ప చెప్పినా వదిలినవ్. ఎవలకు, నా ఎడ్లకా?"

"ఏం వదిలిన?" అన్నాడు సంగప్ప.

అప్పటికే గురువు రాయి మీద నుంచి లేచారు. అదే సాలులోకి దిగారు. డెబ్బై ఏళ్ళ నడుం, నెమ్మదిగా వంగింది. సంగప్ప నడిచిన అడుగుల వెంటే నడుస్తూ, ఎడమ పక్కన తెంపడం మొదలుపెట్టారు. తుమ్మి, తోటకూర, గంగవాయిలి. ఏమీ వెతకడం లేదు. చెయ్యి చాపితే అందుతోంది. కాసేపటికి ఆయన ఒడి నిండింది. నిండి కిందికి వేలాడింది.

సంగప్ప సాలు చివర అట్లాగే నిలబడ్డాడు. మాణెప్ప కూడా చుట్ట తీసి చేతిలో పట్టుకున్నాడు.

గురువు వచ్చి, గోనె మీద సంగప్ప కుప్ప పక్కన తన ఒడి విప్పారు. రెండు కుప్పలూ ఇంచుమించు ఒక్కటే ఎత్తు.

"ఇది ఏడిది అప్పా?" అన్నాడు సంగప్ప.

"నీ పక్కది."

సంగప్ప ఒకటి చూశాడు, రెండోది చూశాడు. నవ్వడానికి ప్రయత్నించాడు.

"అలవాటు చెయ్యి అప్పా. ఇరవై ఏండ్ల సంది వదిలిన చెయ్యి. వద్దన్నా వదులుతది. తుల్జమ్మసొంటోళ్ళు వస్తరు గదా, ఆ ధ్యాసల వదిలినట్టున్న..."

"తుల్జమ్మ కోసం వదిలినవా?"

"ఆమెసొంటోళ్ళ కోసమే అప్పా."

"అయితే ఆమెకే చెప్పు."

"రానియ్యుండ్రి, చెప్త."

"వచ్చింది."

సంగప్ప బాట వైపు చూశాడు. ఎవరూ లేరు. గట్టు వైపు చూశాడు. ఎడ్లు, గుంటుక. గురువు మొహంలోకి చూశాడు.

"ఏది అప్పా? రాలేదు గదా ఇంక?"

"ఈడనే ఉన్న అయ్యా," అంది తుల్జమ్మ.

గొంతు ఆయన ఎడమ భుజం దగ్గర నుంచి వచ్చింది. చెయ్యి చాపితే తగిలేంత దూరం.

"నువ్వు కూర కుప్ప పోసినప్పటి సంది నీ పక్కనే నిలబడ్డ. అప్ప సైగ చేసిండని మాట్లాడలే."

సంగప్ప తల తిప్పాడు. ఎర్ర చీర, నెత్తిన ఖాళీ గంప, తడిసిన కాళ్ళు. మనిషికి మనిషి. అంత మనిషి.

ఎద్దు ఒకటి తల విదిలిస్తే మెడలో గంట మోగింది.

సంగప్ప మళ్ళీ సాలు దగ్గరికి నడిచాడు. ఇంకా తెంపని రెండో సాలు. దాని మొదట్లో మోకాళ్ళ మీద కూచున్నాడు. ముందుకు చూశాడు. నేల కనపడింది, కూర కనపడింది, కంది మొదళ్ళు కనపడ్డాయి. అన్నీ ఉన్నాయి. ఎక్కడా నల్లగా లేదు, మసక లేదు, తెర లేదు. ఏదీ లేనట్టు అనిపించలేదు. అప్పుడు నెమ్మదిగా తల ఎడమకి తిప్పాడు. తిప్పుతుంటే కొత్త కూర వచ్చింది. ఇంకా తిప్పాడు. ఇంకా వచ్చింది. మళ్ళీ తల నేరుగా పెట్టాడు. ఆ కూర పోయింది. పోయిన చోట ఖాళీ కూడా మిగల్లేదు.

ఆయన అట్లా తల తిప్పుతూ, మళ్ళీ నేరుగా పెడుతూ చాలాసేపు కూచున్నాడు. మాణెప్ప ఎడ్ల దగ్గరికి వెళ్ళి, పని లేకపోయినా పలుపులు సర్దాడు.

"ఎన్ని దినాల సంది అప్పా?" అన్నాడు సంగప్ప, తల ఎత్తకుండా.

"పోయిన వానకాలం జానెడు వదిలినవ్," అన్నారు గురువు. "ఈ వానకాలం మూరెడు."

"నాకు చెప్పకపోతిరి?"

"చెప్పిన. సూది తెచ్చినవ్."

సంగప్ప చేతిలో తుమ్మి రెమ్మ ఒకటి ఉంది. దాని తెల్లపువ్వు రాలి మోకాలి మీద పడింది. ఆయన దాన్ని తీసెయ్యలేదు.

"పోయింది తిరిగొస్తదా అప్పా?"

"రాదు."

ఇంకొకరైతే ఓదారుస్తూ నాలుగు మాటలు కలిపేవాళ్ళు. ఆయన కలపలేదు. ఒక్క మాట. ఆ మాట పడ్డాక మాత్రం శిష్యుడి పక్కన తనూ నేల మీద కూచున్నారు, ఆ తడి మట్టిలోనే, తెల్ల పంచెతో.

తుమ్మి రెమ్మని వేళ్ళ మధ్య తిప్పుతూ సంగప్ప అడిగాడు. "మరి ఆకుకూర అంత అబద్ధమేనా అప్పా? ఇంత తిన్న."

"ఆకు ఏం తప్పు చేసింది?" అన్నారు గురువు. "మంచి తిండి. తిను. దాన్ని దాని పని చెయ్యనియ్యి. మందు పని గూడ దాని నెత్తిన పెట్టకు."

తుల్జమ్మ ఇదంతా వింటూ నిలబడే ఉంది. గంప నెత్తి మీద నుంచి దించి చంకన పెట్టుకుంది. ఆమెకి కావలసిన మాట ఇంకా దొరకలేదు.

"నా సంగతేంది అయ్యా?" అంది. "పొలానికి పోవాలె నేను. మందు మానెయ్యనా, వద్దా?"

సంగప్ప లేచి నిలబడ్డాడు. గురువు వైపు చూశాడు. గురువు ఆయన వైపు చూడటం లేదు. మట్టిలోంచి ఏదో గడ్డిపోచ పీకుతున్నారు. మాణెప్ప పలుపు సర్దుతున్నట్టే ఉన్నాడు గానీ చెవులు ఇటే ఉన్నాయి. ఇక్కడ అన్న మాట పొద్దెక్కేసరికి ఊళ్ళో ఉంటుంది. ఆ సంగతి సంగప్పకి తెలుసు.

"చెల్లె," అన్నాడు. గోనె మీది రెండో కుప్ప వైపు చెయ్యి చూపించాడు. "చెల్లె, అది నేను వదిలిన కూర కాదు. నాకు కనబడలే."

మాణెప్ప చేతులు ఆగాయి.

"నిన్నటిది, మొన్నటిది గూడ. మీరందరు నా చెయ్యి మంచిదన్నరు. నేను అవునన్న. కనబడక వదిలిన. నువ్వు మందు మానకు. ఒక్క దినం గూడ మానకు. నా మాట విని మానినోళ్ళు ఇంకెవలన్న ఉంటే ఆళ్ళకు గూడ చెప్పు, సంగప్పకు పక్కన నిలబడ్డ మనిషి కనబడలేదని చెప్పు."

తుల్జమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఎట్లొస్తే ఏందన్నా," అంది. "మా కుండలకు వచ్చింది గదా ఇన్ని దినాలు. పిల్లలు తిన్నరు."

అప్పటిదాకా ఆమె ఆయన్ని అయ్యా అంది. ఇప్పుడు అన్నా అంది. అది ఆమెకూ తెలియదేమో.

మిగతా సాళ్ళు ఇద్దరూ కలిసి తెంపారు. సంగప్ప కుడి పక్క, తుల్జమ్మ ఎడమ పక్క. కూరలో ఆమె పాలు గంపకెత్తుకుంది. వాళ్ళ వెనకే మాణెప్ప గుంటుక తోలాడు. ఎర్రమట్టి తిరగబడింది. ఏమీ మిగల్లేదు.

సంగప్ప కాళ్ళు కడుక్కుని గూట్లోంచి మందు సీసా తీశాడు. మూత విప్పి ఐదు నెలలు దాటింది. విప్పిన నెల తర్వాత పనికిరాదు, పారెయ్యాలని మందిచ్చినవాళ్ళు అప్పుడే చెప్పారు. ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చింది. సీసా పారేసి, భుజాన తువ్వాలు వేసుకుని గురువు దగ్గరికి వచ్చాడు.

"పట్నం పోయొస్త అప్పా. చూపించుకొని వస్త."

గురువు రెండు రొట్టెలు, కాసింత తుమ్మికూర గుడ్డలో కట్టి చేతికిచ్చారు.

"తుల్జమ్మ మందు గూడ అయిపోవచ్చిందంట," అన్నారు. "కూలి మానుకొని బయలుదేరింది. ఇద్దరు పోండ్రి."

మఠం నుంచి బాట దాటితే బొంబాయి రోడ్డు. బస్సు ఆగేది అవతలి పక్క. లారీలు, లారీలు, ఒకదాని వెనక ఒకటి. ఆ రోడ్డు సంగప్ప ఎన్ని వందలసార్లు దాటాడో. తల వంచుకుని, శివనామం అనుకుంటూ, నేరుగా దాటేవాడు. లారీలవాళ్ళే హారన్లు కొట్టి తిట్టేవాళ్ళు. వాళ్ళకి తొందరెక్కువ అనుకునేవాడు.

ఆ రోజు రోడ్డు అంచున ఆగిపోయాడు. తుల్జమ్మ రెండడుగులు ముందుకు పోయి, ఆయన రాలేదని చూసి వెనక్కి వచ్చింది.

"ఏమైందన్నా?"

"చెల్లె, నీకు ఏ దిక్కు మంచిగ కనబడ్తది?"

"ఎడమ దిక్కు."

"నాకు కుడి దిక్కు." సంగప్ప ఆమెకి కుడి పక్కకి వచ్చి నిలబడ్డాడు. "నువ్వు అటు చూడు. నేను ఇటు చూస్త."

ఇద్దరూ చెరో వైపు తిరిగి నిలబడ్డారు, యాభై ఆరేళ్ళ శిష్యుడూ, కూలి మనిషీ. రోడ్డు మీద పోయేవాళ్ళు చూసి ఏమనుకున్నారో.

"నా దిక్కు ఏం లేదు," అన్నాడు సంగప్ప.

"ఆగన్నా, లారీ ఒస్తున్నది."

ఆయన ఆగాడు. లారీ వచ్చింది, ఇద్దరి మీదా దుమ్ము కొట్టి పోయింది.

"ఇప్పుడు?"

"ఇప్పుడు రా," అంది తుల్జమ్మ.